మా అమ్మ చాట, నా పళ్లెం

దోహాకి వచ్చిన కొత్తలో, 2016లో, ఒక స్నేహితురాలి ఇంట్లో బతుకమ్మ పేర్చడానికి అందరం కలిశాం. పూలు తుంచుతూ కబుర్లు చెప్పుకుంటుంటే ఒకావిడ నన్ను అడిగింది, "మీ అమ్మగారు ఏం చేసేవారండీ?" అని. అప్పటికే అక్కడ ఒకరి అమ్మగారు టీచరని, ఇంకొకరి అమ్మగారు బ్యాంకులో రిటైరయ్యారని తెలిసింది. "హౌస్‌వైఫేనండీ" అనేశాను. "మా అమ్మ కూడా" అని ఆవిడ బంతిపూల కవరు అందుకుంది.

అంతే, మాట అక్కడితో అయిపోయింది. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ హౌస్‌వైఫ్ కాదు. ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టింది. నేను చదివిన బీఎస్సీ కెమిస్ట్రీకి మూడేళ్లూ ఫీజు కట్టింది ఆ బీడీల డబ్బే. ఈ సంగతి దోహాలో నేను ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకి అబద్ధం చెప్పాను, అడగనివాళ్ల దగ్గర ఊరుకున్నాను. అలా ఏడేళ్లు గడిచాయి.

చివరికి ఆ మాట నోటితో కాదు, ఒక మట్టి పళ్లెం మీద కుంచెతో చెప్పాను. ఎలా చెప్పానో, అందులో ఎక్కడ తప్పు చేశానో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మట్టి క్లాసులో కెమిస్ట్రీ

2023 సెప్టెంబరులో పాప మూడో క్లాసుకి వెళ్లింది. పొద్దున ఏడింటికి పాప బస్సు, ఏడున్నరకి మా ఆయన కారు వెళ్లిపోతే మధ్యాహ్నం దాకా ఇంట్లో నేనూ ఏసీ చప్పుడూ. మీలో చాలామందికి ఆ నిశ్శబ్దం తెలిసే ఉంటుంది. పక్క ఫ్లాట్‌లో ఉండే కేరళ స్నేహితురాలు "నాతో రా, మట్టితో ఏదో ఒకటి చేద్దాం" అని సిరామిక్ క్లాసుకి తీసుకెళ్లింది. వారానికి రెండు రోజులు, పది మంది ఆడవాళ్లం.

మొదటి రోజే నాకు ప్రాణం లేచి వచ్చింది. డిగ్రీ పూర్తయ్యాక ఏనాడూ వాడని చదువు అక్కడ పనికొచ్చింది. బంకమట్టి రేణువుల మధ్య ఉన్న నీరు ఆరితే పళ్లెం కుంచించుకుపోతుంది. తడి పళ్లెం ఆరి, కాలి బయటికొచ్చేసరికి మేం వాడే మట్టి దాదాపు 10 నుంచి 12 శాతం తగ్గుతుంది. ఆరిన మట్టిని నీళ్లలో వేస్తే మళ్లీ బురదవుతుంది. కానీ కిల్న్‌లో సుమారు 400 డిగ్రీలు దాటాక, మట్టి అణువుల్లోనే కలిసిపోయి ఉన్న నీరు కూడా పోవడం మొదలవుతుంది. 600 దాటేసరికి అదిక వెనక్కి రాదు. ఇక దాన్ని ఎన్నాళ్లు నానబెట్టినా మట్టి కాదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ స్ఫటికం ఒక్కసారిగా రూపం మార్చుకుని పొంగుతుంది. చల్లారేటప్పుడు అదే వేడి దగ్గర తిరిగి ముడుచుకుంటుంది. అక్కడ తొందరపడితే పళ్లెం చీలుతుంది. ఇవన్నీ నేను పరీక్ష కోసం బట్టీ పట్టినవే, అప్పుడు మార్కులొచ్చాయి. ఇప్పుడు అర్థమైంది.

కిల్న్ అంటే మన ఊళ్లో కుమ్మరి ఆవం లాంటిదే, కాకపోతే కరెంటుతో నడుస్తుంది. మొదట సుమారు 1000 డిగ్రీల దాకా కాలుస్తారు. దాని మీద బొమ్మ వేసి, గాజుపూత ముంచి, రెండోసారి కాలుస్తారు. స్టోన్‌వేర్ అయితే 1200 దాటాలి. అప్పుడు పూత కరిగి గాజులా పట్టుకుంటుంది. బొమ్మ ఆ గాజు కింద ఉండిపోతుంది. గోరుతో గీకినా పోదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది నీలం రంగు. కోబాల్ట్ కార్బొనేట్ పొడి చూడ్డానికి నీలంగా ఉండదు, వెలిసిన ఊదారంగులో ఉంటుంది. దానితో బొమ్మ వేస్తే ఏమీ బాగుండదు. కాలి బయటికొచ్చాక చూస్తే ముదురు నీలం. వేసేటప్పుడు కంటికి కనపడే రంగుని నమ్మకూడదు, లోపల ఏ లోహముందో తెలుసుకుని వేయాలి. ఇనుము గోధుమరంగు, ఇటుకరంగు ఇస్తుంది. రాగి మామూలుగా ఆకుపచ్చ ఇస్తుంది, కిల్న్‌లో గాలి అందకుండా చేస్తే అదే ఎరుపవుతుంది. మా టీచరు ఇవన్నీ చెబుతుంటే పక్కవాళ్లు నోట్సు రాసుకునేవారు. నేను మాత్రం కాలేజీ ల్యాబులోకి తిరిగి వెళ్లినట్టు కూర్చునేదాన్ని.

పాత్రల మీద కథలు కొత్తవి కావు

రెండో నెలలో టీచరు మమ్మల్ని కార్నిష్ పక్కనున్న మ్యూజియం ఆఫ్ ఇస్లామిక్ ఆర్ట్‌కి తీసుకెళ్లారు. ఐ.ఎం.పేయ్ కట్టిన ఆ భవనం 2008లో తెరిచారు. పిల్లల్ని తీసుకుని అక్కడి పార్కుకి ఎన్నోసార్లు వెళ్లాను కానీ లోపల పింగాణీల దగ్గర అరగంట నిలబడింది ఆ రోజే. తొమ్మిదో శతాబ్దంలో ఇరాక్‌లో చేసిన తెల్లటి గిన్నెలు, వాటి మీద నీలంతో అక్షరాలు. ఓడల్లో వస్తున్న చైనా పింగాణీ చూసి బస్రా కుమ్మరులకి అలాంటిది చేయాలనిపించింది. ఆ తెల్లమట్టి వాళ్ల దగ్గర లేదు. అందుకని మామూలు మట్టి మీద తగరం కలిపిన తెల్లటి పూత పూసి, దాని మీద కోబాల్ట్‌తో రాశారు. కొన్ని వందల ఏళ్ల తర్వాత పర్షియా వైపు నుంచి కోబాల్ట్ చైనాకి చేరి, మనందరికీ తెలిసిన నీలం తెలుపు చైనా కూజాలయ్యాయి.

పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో పర్షియా కుమ్మరులు గిన్నెల మీద షానామా కథలే వేశారు. ఒంటె మీద వేటకి వెళ్తున్న రాజు బహ్రామ్ గూర్, వెనక కూర్చుని వీణలాంటి వాద్యం వాయిస్తున్న ఆజాదా. ఇంకా వెనక్కి పోతే గ్రీకు కూజాల మీద యుద్ధ వీరులు కూర్చుని పాచికలాడుతుంటారు. మన కాలంలో ఇంగ్లాండుకి చెందిన గ్రేసన్ పెర్రీ తన చిన్ననాటి బాధల్ని, ఇంట్లో గొడవల్ని అందమైన కూజాల మీద గీసి 2003లో టర్నర్ బహుమతి అందుకున్నాడు. దూరం నుంచి చూస్తే పూలకూజాలా ఉంటుంది, దగ్గరికెళ్తే కథ కనపడుతుంది.

ఇవన్నీ చూస్తుంటే నాకు మన ఐరేని కుండలు గుర్తొచ్చాయి. తెలంగాణలో పెళ్లికి ముందు డప్పులతో కుమ్మరి ఇంటికి వెళ్లి, సారెకి పసుపు కుంకుమ పెట్టి, సున్నం పూసి రంగులతో బొమ్మలేసిన కుండలు ఇంటికి తెచ్చుకుంటాం కదా, అవి. 2011లో నా పెళ్లికి తెచ్చిన ఐరేని కుండని అమ్మ ఇప్పటికీ అటక మీద దాచింది. చేర్యాల పటాలు కూడా గుర్తొచ్చాయి. గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్ద పూసి, ఎర్రటి నేల మీద వరసగా బొమ్మలేసి, ఊరూరా తిరుగుతూ ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ చెప్పేవారు. ఆ కథల్లో దేవుళ్లే కాదు, ఆ కులంవాళ్ల మూలపురుషులు, చేసే పని, వాడే పనిముట్లు అన్నీ ఉండేవి. చేసే పనిని బొమ్మగా వేసుకోవడానికి మన పెద్దలు సిగ్గుపడలేదు. సిగ్గుపడింది నేను.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తట్టింది. మా బాపు 2004 నుంచి 2008 దాకా ఇదే దోహాలో తాపీ మేస్త్రీల దగ్గర హెల్పరుగా పనిచేశాడు. ఆయనున్న రోజుల్లోనే ఈ మ్యూజియం కడుతున్నారు. ఆయన దీన్ని చూశాడో లేదో తెలియదు. అడుగుదామంటే 2013లోనే పోయాడు. ఆయన క్యాంపులో ఉన్న నగరంలోనే నేను ఫ్యామిలీ వీసా మీద, బాల్కనీలో కరివేపాకు పెంచుకుంటూ ఉన్నాను. ఈ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆరు పళ్లాలు

కోర్సు చివర్లో అందరం చేసినవి ఒక హాల్లో పెట్టాలని, ఎవరి కథ వాళ్లు చెప్పాలని టీచరు అన్నారు. కేరళ స్నేహితురాలు వాళ్ల అమ్మమ్మ పడవ వేస్తానంది. ఒక ఈజిప్టు ఆవిడ తన బాల్కనీ వేస్తానంది. నేను చేర్యాల పటంలా వరసగా ఆరు పళ్లాలు అనుకున్నాను. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న అమ్మ. బీడీ కట్టల పక్కన నా కెమిస్ట్రీ పుస్తకం. దోహా నుంచి బాపు ఫోన్ కార్డు గీకి మాట్లాడే ఆదివారం. ఐరేని కుండ. నా బాల్కనీలో కరివేపాకు. ఆరోది, బాపు దోహా నుంచి తిరిగొచ్చాక ఒక రోజు.

బీడీ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మాది జగిత్యాల వైపు. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకో తర్వాత చెబుతాను. మా వైపు, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లది ఇదే పని. తునికాకు తడిపి గుడ్డలో చుట్టి పెడతారు. మెత్తబడ్డాక రేకు ముక్క కొలతగా పెట్టి కత్తెరతో కత్తిరిస్తారు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడుస్తారు. 25 బీడీలు ఒక కట్ట. 40 కట్టలైతే వెయ్యి. కూలి వెయ్యి లెక్కన. బడి నుంచి రాగానే నేనూ చెల్లీ మూతులు మడిచేవాళ్లం, కట్టలు కట్టేవాళ్లం. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుందని, తంబాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుందని డిగ్రీలో చదువుకున్నాను. ఆ చదువుకి ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో తలుచుకుంటే ఆ పాఠం గొంతులో అడ్డం పడేది.

మొదటి పళ్లెం ఆరబెట్టేటప్పుడే పాడైంది. తప్పు నాదే. ఇంటికి తెచ్చుకుని ఏసీ కింద పెట్టాను. అంచులు ముందు ఆరాయి, మధ్య తడిగా ఉండిపోయింది. పొద్దున చూస్తే అంచు నుంచి లోపలికి వేలెడంత పగులు. దోహాలో ఎవరు మట్టిపని చేసినా ముందు నేర్చుకోవలసింది ఇదే. పైన పలచటి ప్లాస్టిక్ కవరు కప్పి, ఏసీ గాలి తగలని గదిలో, రోజుకొకసారి తిప్పుతూ నాలుగైదు రోజులు ఆరనివ్వాలి. రెండోసారి అలాగే చేశాను, పగుళ్లు రాలేదు.

అమ్మ పళ్లేనికి మూడు వారాలు పట్టింది. మసక వెలుతురు గది, గోడకి ఆనుకుని ఒంటరిగా కూర్చున్న అమ్మ, వంగిన మెడ, ఒళ్లో చాట, కళ్లలో అలసట. నీలంతో వేసి నీడలకి ఇనుము వాడాను. కిల్న్ లోంచి తీసినప్పుడు క్లాసులో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. "మీ అమ్మగారా?" అని టీచరు అడిగితే, అవును, బీడీలు చుట్టేది అన్నాను. ఏడేళ్ల తర్వాత ఆ మాట నా నోటి నుంచి వచ్చింది. ఆకాశమేమీ విరిగిపడలేదు.

ఇంటిగుట్టు

ఆ సంతోషంలో ఫోటో తీసి చెల్లికి పంపాను. అది హైదరాబాదులో ఉంటుంది. రెండు నిమిషాల్లో ఫోన్ చేసింది.

"అక్కా, ఇదెక్కడ పెడుతున్నవ్?"

"ఇక్కడే, చిన్న ప్రదర్శన. పదిమంది చూస్తారు."

"ఫేస్‌బుక్‌ల పెడ్తరు గదా? మా అత్తగారోళ్లకు అమ్మ వ్యవసాయం చేస్తదనే తెలుసు. పెళ్లప్పుడు మనమే చెప్పినం. ఇప్పుడు నేనేం జెప్పాలె?"

నేను కోపంగా, "నిజం చెప్పు" అన్నాను.

"నీకేం, నువ్వు దోహాల ఉన్నవ్. నీకు అది కథ. నేను ఈ ఇంట్ల ఉండాలె" అని పెట్టేసింది.

ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. చిన్నప్పటి నుంచి విన్న మాటే. చెల్లిది పిరికితనం అనుకుని వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆలోచిస్తే దాని మాటలో ఒక ముక్క నిజమే అనిపించింది. ఏడేళ్లు నేను దాచుకున్నాను, నాకు ధైర్యం వచ్చిన రోజునే అందరికీ ధైర్యం రావాలంటే ఎలా? ఇది నా కథ అనుకుంటున్నాను కానీ ఈ ఆరు పళ్లాల్లో ఎంత నాది? చాట అమ్మది. ఫోన్ కార్డు బాపుది. కట్టలు కట్టిన చేతుల్లో సగం చెల్లివి. వాళ్లనెవరినీ అడగకుండా 1200 డిగ్రీల్లో కాల్చి శాశ్వతం చేసేశాను.

అమ్మ వచ్చింది

2024 జనవరిలో అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. మొదటిసారి విమానం ఎక్కింది. సకినాల డబ్బా, చింతపండు, పచ్చళ్లు, పాపకి పట్టులంగా. పళ్లాలు ఎలా చూపించాలో తెలియక నాలుగు రోజులు డబ్బాలోనే ఉంచాను. ఐదో రోజు పాప లాక్కొచ్చి అమ్మమ్మ ఒళ్లో పెట్టింది. "అమ్మమ్మా, ఇది నువ్వే!"

అమ్మ పళ్లెం పట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చాలాసేపు చూసింది. నాకు గుండె దడ.

"గింత ఏడుపు మొకం ఎందుకు బెట్టినవే నాకు?" అంది.

నాకు నోట మాట రాలేదు.

"గీ సీకట్ల కూసుండి ఎవలన్న బీడీలు చేస్తరా? కండ్లు వోతయ్. మేం అరుగు మీద కూసుంటిమి. ఒక్కదాన్ని ఎన్నడు జేసిన? ఎదురింటి మీ పెద్దమ్మ, మూలింటి చిన్నమ్మ, దాని కోడలు, అందరం ఒక్కకాడ. రేడియో బెట్టుకొని, ముచ్చట్లు జెప్పుకుంట, నవ్వుకుంట. ఎవలు జల్ది వెయ్యి జేస్తరని పందెం గడ్తుంటిమి. యాదికి లేదా?"

ఉంది. ఆమె అనగానే అంతా యాదికొచ్చింది. అరుగు మీద వరసగా చాటలు. పెద్దమ్మ చెప్పే మోటు జోకులకి అందరూ మా వైపు చూసి నోరు మూసుకోవడం. పక్కింటి పెళ్లి సంబంధాలన్నీ అక్కడే తేలడం. కూలి తక్కువిచ్చారని నలుగురూ కలిసి వెళ్లి గొడవ పడి రావడం. పీఎఫ్ కార్డు చేతికొచ్చిన రోజు అమ్మ దాన్ని దేవుడి పటం పక్కన పెట్టడం. కష్టం లేదని కాదు. దగ్గు ఇప్పటికీ తగ్గలేదు. బీడీ కార్మికుల పింఛను 2,016 రూపాయలు తీసుకోవడానికి వెళ్తే మిషన్ మీద వేలిముద్ర పడదు, నాలుగైదుసార్లు పెట్టించుకుంటారు. కానీ ఆమె బతుకు నేను వేసిన బొమ్మ కాదు. దూరదేశంలో కూర్చుని, నా సిగ్గునీ నా జాలినీ కలిపి రంగు చేసి ఆమె ముఖానికి పూశాను. పది మంది కళ్లు తుడుచుకుంటుంటే గర్వపడ్డాను.

"మల్ల వేస్త అమ్మా" అన్నాను.

"వెయ్యి. పెద్దమ్మకు ముక్కుపోగు బెట్టు. లేకుంటే కోపానికొస్తది" అని నవ్వింది.

ఆమె ఒక్కొక్క పళ్లెం చూస్తూ వచ్చింది. కెమిస్ట్రీ పుస్తకం చూసి "అచ్చం గదే అట్ట" అంది. ఫోన్ కార్డు చూసి కాసేపు మాట్లాడలేదు. ఆరో పళ్లెం చేతిలోకి తీసుకోగానే కింద పెట్టేసింది.

"ఇది వద్దు బిడ్డా."

"ఎవరికీ తెలియదమ్మా, పేర్లేం లేవు."

"నాకు తెలుసు గదా. నా ముచ్చట నువ్వు ఏదన్న జెప్పుకో, నేను ఉన్న, తప్పైతే తప్పంట. ఇది మీ బాపు ముచ్చట. ఆయన జెప్పుకుంటందుకు లేడు. ఉన్నన్ని రోజులు ఎవలకు జెప్పలే."

నేను వాదించలేదు. కాలిన మట్టి వెనక్కి మట్టి కాదు, అది చెరిపేయలేను. పగలగొడదామా అని అడిగాను. "ఎందుకు వలగ్గొట్టుడు, నాకియ్యి" అంది. మెత్తటి పాత చీరలో చుట్టి తన సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుంది. ఇప్పుడది మా ఊళ్లో, అటక మీద ఐరేని కుండ పక్కనుంది. దాని మీద ఏముందో ఇక్కడ కూడా రాయను. అది నాది కాదు.

ఉన్న నెలన్నరలో ఒకరోజు అమ్మని క్లాసుకి తీసుకెళ్లాను. టీచరుతో భాష కలవదు. అయినా మట్టి ముద్ద చేతిలో పెట్టగానే అమ్మ వేళ్లు వాటంతటవే కదిలాయి. ఆకు మడిచే వేళ్లు కదా, అంచు ఎక్కడా ఎక్కువ తక్కువ లేకుండా చిన్న గిన్నె వొత్తేసింది. టీచరు తెల్లబోయారు. అడుగున సంతకం పెట్టమంటే బొటనవేలు గట్టిగా నొక్కింది. గీతలేమీ పడలేదు, అవి ఎప్పుడో అరిగిపోయాయి. వేలి గుంట మాత్రం చక్కగా పడింది. ఆ గిన్నెలో ఇప్పుడు నేను ఉప్పు పోసుకుంటున్నాను.

ప్రదర్శనలో ఐదు

ఫిబ్రవరి చివర్లో ఐదు పళ్లాలు పెట్టాను. మొదటిది కొత్తగా వేసిన అరుగు. నలుగురు ఆడవాళ్లు, నాలుగు చాటలు, ఒక రేడియో, మూలన బడి సంచులు పక్కన పడేసి కట్టలు కడుతున్న ఇద్దరు పిల్లలు. పెద్దమ్మకి ముక్కుపోగు ఉంది. పాత పళ్లెం ఇంట్లోనే ఉంచాను. అది అమ్మ బొమ్మ కాదు, అప్పటి నా బొమ్మ.

చెల్లితో ఒక ఒప్పందానికి వచ్చాను. ముఖాలు పోల్చుకునేలా వేయలేదు, ఊరి పేరు రాయలేదు, ఫోటోలు నా పేరుతో ఎక్కడా పెట్టలేదు. అది ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వాళ్ల అత్తగారికి చెప్పిందో లేదో నేను అడగలేదు. అది దాని అరుగు, ఎప్పుడు కూర్చోవాలో అదే చూసుకుంటుంది.

ప్రదర్శన రోజు మన తెలుగువాళ్లు ఆరేడుగురు వచ్చారు. బతుకమ్మ రోజు నన్నడిగిన ఆవిడ కూడా వచ్చింది. మొదటి పళ్లెం ముందు ఆగింది. నేనే వెళ్లి చెప్పాను. "మా అమ్మండీ. హౌస్‌వైఫ్ అని చెప్పాను మీకు. బీడీలు చుట్టేది." ఆవిడకి ఆ మాటే గుర్తులేదు! కాసేపటికి నెమ్మదిగా అంది, "మా నాన్న సైకిల్ మీద గిన్నెలకి మాట్లు వేసేవాడు. మేము స్టీలు సామాన్ల షాపు అని చెప్పుకుంటాం" అని. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు ఆవిడ కూడా క్లాసులో చేరింది.

మీరూ వేయాలనుకుంటే

కిల్న్ ఉన్న స్టూడియోలు చాలా నగరాల్లో ఉన్నాయి. మట్టి ఒత్తడం రాకపోయినా ఫర్వాలేదు. ఒకసారి కాల్చిన పళ్లాలు అమ్ముతారు, వాటి మీద అండర్‌గ్లేజ్ రంగులతో బొమ్మ వేసి ఇస్తే పూత పూసి కాల్చి ఇస్తారు. తిండికి వాడాలనుకుంటే ఆ సంగతి ముందే చెప్పి, అందుకు పనికొచ్చే పూతే వేయించుకోండి. ఇంట్లోనే చేయాలనుకుంటే మామూలు తెల్ల కప్పు మీద సిరామిక్ పెన్నులతో గీసి, పెన్ను ప్యాకెట్ మీద రాసినంత వేడిలో ఓవెన్‌లో పెట్టండి. నోరు తగిలే అంచునీ, తిండి తగిలే లోపలి వైపునీ మాత్రం వదిలేయండి.

మొదటిసారే పెద్ద దృశ్యం పెట్టుకోకండి. ఒక వస్తువు చాలు. అమ్మ చాట, నాన్న టిఫిన్ డబ్బా, నానమ్మ వక్కల సంచి. పెన్సిల్‌తో కాగితం మీద పదిసార్లు గీయండి. గీసిన కాగితాన్ని ఆ కథ ఎవరిదో వాళ్లకి ఒకసారి చూపించండి. "ఇలా కాదు" అంటే వినండి. "ఇది వద్దు" అంటే ఆగండి. పెన్సిల్ గీత చెరుగుతుంది, తడి మట్టి మళ్లీ ముద్దవుతుంది. కిల్న్ తలుపు వేశాక ఏమీ చేయలేం. నేను అడిగింది కాల్చిన తర్వాత. మీరు కాల్చకముందే అడగండి.

నిన్న అమ్మ వీడియో కాల్ చేసింది. అరుగు పళ్లెం ఫోటో పెద్దమ్మకి చూపించిందట. పెద్దమ్మ బాగా చూసి, "గంత లావుగున్ననా నేను?" అందట. వచ్చే సెలవులకి ఊరెళ్లినప్పుడు ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుని మళ్లీ వేయాలి.